సూదులు తీసి మాట్లాడు

ఆ టైలరు షాపులో మాట ఒకరిది, గొంతు ఇంకొకరిది.

మాస్టరుకి గుండుసూదులు పెదవుల మధ్య పట్టుకుని పనిచేసే అలవాటు. ప్యాంటు అంచు మడిచినా, చొక్కా భుజం సరిచేసినా, నోట్లో నాలుగైదు సూదులు తలలు బయటికి పెట్టి చూస్తూ ఉండాల్సిందే. సూదులు గుచ్చుకోవడానికి మణికట్టుకి కట్టుకునే చిన్న మెత్త ఒకటి భార్య ముచ్చటపడి కుట్టిచ్చింది. అది గోడ మేకుకి వేలాడుతూ ఉండేది. ఎందుకు కట్టుకోరని ఎవరైనా అడిగితే "చేతికి నోరే దగ్గర" అనేవాడు. అంటే, అలా అన్నాడని భార్య చెప్పేది.

నోట్లో సూదులున్న మనిషి పెదవులు కదపలేడు కదా.

"ఊఁ హ్మ్ ఊఁ" అనేవాడు మాస్టరు, ప్యాంటు ట్రయలుకి వచ్చినాయన కాళ్ల దగ్గర గొంతుక్కూర్చుని.

"అంచు బూటు మీద పడాలా, కాస్త పైకుండాలా అని అడుగుతున్నారు" అనేది భార్య, మిషను మీంచి తలెత్తకుండానే.

వచ్చినాయన ఆయన వంకా ఈమె వంకా చూసి, అంత చిన్న కూతలో అంత పెద్ద ప్రశ్న ఎక్కడ పట్టిందో తెలియక, జవాబు ఈమెకే చెప్పి వెళ్లేవాడు. ఆయన నిజంగా అన్నది అదేనా? ఆ అనుమానం ఎవరికీ రాలేదని కాదు. కానీ మాస్టరు ఒక్కనాడూ కాదనలేదు. కాదనాలంటే సూదులు తీయాలి. అంత ఓపిక ఆయనకెక్కడిది?

వీధి వీధంతా ఆమెని మాస్టరమ్మ అనేది. మిషను కుట్టు, ఇస్త్రీ, వచ్చిపోయే వాళ్లతో మాటలు, అన్నీ ఆమెవే. ఈ అర్థం చెప్పే విద్య మాత్రం ముప్పై ఏళ్ల కాపురంలో అబ్బింది. అబ్బడమేమిటి, ముదిరింది. సూదులు లేనప్పుడు కూడా ఆయన మాట మొదలుపెడితే ఈమె పూర్తిచేసేది. డాక్టరు ముందు కూర్చుని ఆయన "కడుపులో..." అనగానే "మంట, భోంచేశాక, మొన్నటి నుంచి" అని అందుకునేది. మొగుడి మాట అర్థం కాకపోతే అదేం కాపురం అని పదిమందిలో గొప్పగా చెప్పుకునేది. చెప్పుకోవాల్సిందే మరి. సూదులు లేకుండా మాట్లాడుకుంటూ కూడా ఒక్క ముక్క అర్థం చేసుకోని ఇళ్లు ఎన్ని లేవు!

ఒక్క కొలతలు చెప్పేటప్పుడు మాత్రం మాస్టరు సూదులు తీసేవాడు. గొంతెత్తి, ఒక్కో అంకె విడమరిచి, రెండేసిసార్లు చెప్పేవాడు. అంకె తప్పు వినబడితే గుడ్డ పాడు. అక్కడ పెళ్లాన్ని కూడా నమ్మేవాడు కాదు.

అర్థం చెప్పే ఆ విద్య రవ్వంత కూడా అబ్బనిది మాస్టరు చెల్లెలికి. సన్నగా, చిన్నగా, ఒకచోట నిలవకుండా ఉండేదని చిన్నప్పుడు అన్నే పిచ్చుక అని పేరు పెట్టాడు. యాభై దాటినా ఆ పేరు ఆమెని వదల్లేదు. భర్త పోయిన దగ్గర్నుంచీ షాపులోనే ఓ స్టూలు వేసుకుని కాజాలు తీస్తూ, గుండీలు కుడుతూ ఉండేది. అన్న ఏమన్నా ఆమె జవాబు ఒకటే. "సూదులు తీసి మాట్లాడు అన్నయ్యా." అది విన్నప్పుడల్లా మాస్టరమ్మకి నవ్వొచ్చేది, కాస్త జాలి కూడా వేసేది. తోడబుట్టింది, అయినా ఒక్క ముక్క తెలియదు పాపం, అనుకునేది.

ఆ రోజు మధ్యాహ్నం మాస్టరు కోటు కత్తిరిస్తున్నాడు. కాగితం నమూనా గుడ్డ మీద పరిచి, చుట్టూ సూదులు గుచ్చి, కత్తెర పెట్టాడు. పిచ్చుక గుమ్మం దగ్గర వెలుతుర్లో కాజాలు తీస్తోంది. మాస్టరమ్మ వెనక గదిలో, తెర అవతల, కోటు లోపల వేసే లైనింగు గుడ్డ ఇస్త్రీ చేస్తోంది.

ముందు గదిలోంచి "ఊఁ... మ్మ్..." అని వినిపించింది.

"లైనింగే కదా, అవుతోంది ఉండండి" అంది.

కాసేపటికి మళ్లీ వినిపించింది. ఈసారి కాస్త పొడుగ్గా.

"తెస్తున్నానని చెప్పానా!"

మూడోసారికి విసుగొచ్చింది. "అబ్బబ్బ, ఏమిటండీ ఆ కంగారు! ఇది ఇస్త్రీపెట్టె, గుర్రం కాదు తోలడానికి."

ఆ తర్వాత పిచ్చుక గొంతు. "సూదులు తీసి మాట్లాడు అన్నయ్యా." కాస్త ఆగి, "అన్నయ్యా?" అంది. ఇంకాస్త ఆగి, వేరే గొంతుతో పిలిచింది. "వదినా, ఒక్కసారి ఇటు రా. అన్నయ్య నోట్లో సూదుల్లేవు."

"లేకపోతే మంచిదేగా" అంటూనే మాస్టరమ్మ తెర తీసుకుని వచ్చింది. వచ్చి ఆగిపోయింది. మాస్టరు బల్లకి ఒరిగి నిలబడి ఉన్నాడు. కత్తెర గుడ్డలో సగం దిగి, నోరు తెరుచుకుని అలాగే ఉంది. కుడిచెయ్యి దాని పక్కన, ఎవరో పెట్టి మరిచిపోయినట్టు పడి ఉంది. కత్తెర దిగాక మధ్యలో ఆపడమన్నది ఆయన ఒంట్లో లేదు. షాపుకి నిప్పంటుకున్నా చంక మలుపు దాటించాకే బయటికొస్తాడని వేళాకోళం చేసేవాళ్లు.

"ఊ... వ్వ..." అన్నాడు ఆమెని చూసి.

ఆమెకి తట్టిందొక్కటే. "అయ్యో, మింగేశారా!"

ఆమెని తప్పుపట్టి లాభం లేదు. పెళ్లైన నాటి నుంచీ ఆమె భయపడుతున్నది ఆ ఒక్కదానికే. ఒకే భయాన్ని అన్నేళ్లు పెంచుకున్న మనిషికి, ఏ ఆపద వచ్చినా ముందు అదే అనిపిస్తుంది. గడ్డం పట్టుకుని నోరు తెరిపించింది, వేలు పెట్టి వెతికింది, వీపు మీద చరిచింది. గొంతులో ఇరుక్కున్నది పండుతో పాటు కిందికి దిగుతుందని ఎవరో అన్నది గుర్తొచ్చి, భోజనం సంచిలోంచి అరటిపండు తీసింది. ముందు గొంతు తడవాలని గ్లాసు నోటికందించింది.

నీళ్లు లోపలికి పోలేదు. కుడివైపు పెదవి చివర నుంచి ధారగా కారి కోటు గుడ్డ మీద పడ్డాయి. బల్ల దరిదాపుల్లో టీ కప్పు కనిపిస్తే చాలు ఇల్లెగిరిపోయేలా అరిచే మనిషి, ఆ తడి వంక చూడనైనా లేదు.

పిచ్చుక ఒక్క అంగలో వచ్చి గ్లాసూ పండూ లాక్కుంది. "నోట్లో ఏమీ పెట్టకు వదినా. దగ్గితే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. అన్నయ్యా, నా వంక చూసి నవ్వు."

ఆయన నవ్వాడు. ఎడమ సగం నవ్వింది. కుడి సగం ఊరుకుంది.

"రెండు చేతులూ ఎత్తు."

ఎడమచెయ్యి లేచింది. కుడిచెయ్యి బల్ల అంచు దాకా వచ్చి జారిపోయింది.

"సూది కాదు వదినా. కాగితానికి గుచ్చినవి గుచ్చినట్టే ఉన్నాయి, చూడు. ఇది పక్షవాతం. మా అత్తగారికి ఇలాగే వచ్చింది. నీరసమనుకుని పడుకోబెట్టాం, కాస్త నిద్రపోతే సర్దుకుంటుందన్నాం. సాయంత్రానికి మనిషి మనిషి కాదు." అంటూనే ఆయన్ని తన స్టూలు మీద కూర్చోబెట్టి, ఫోను తీసి అంబులెన్సుకి చేసింది.

మాస్టరమ్మ ఒంటికాలి మీద లేచింది. "అంబులెన్సెందుకు, మూల మీద గొంతు డాక్టరున్నాడు, నడిచి వెళ్లేంత దూరం! గొంతులో గుచ్చుకుంటోందని ఆయనే చెబుతున్నారు కదే! ఆయన మాట నాకు తెలుసా నీకు తెలుసా?"

పిచ్చుక వదినతో వాదించలేదు. ఫోనులోకే చెప్పింది, ముక్క ముక్కగా. "మా అన్నయ్యకి మూతి పక్కకి పోయింది. కుడిచెయ్యి లేవడం లేదు. మాట రావడం లేదు. కూర్చోబెట్టాం, తెలివిలోనే ఉన్నాడు." తర్వాత షాపు గుర్తులు చెప్పి, వెనక గదిలోకెళ్లి ఇస్త్రీపెట్టె ఆపి వచ్చి, అన్న కుడిపక్కన చేరి ఒరిగిపోకుండా పట్టుకుంది.

అంబులెన్సులో వచ్చినతను కూడా నవ్వమన్నాడు, చేతులెత్తమన్నాడు. వేలి కొనమీద సూదితో గుచ్చి చక్కెర చూశాడు. స్ట్రోకు లాగే ఉందని ఆసుపత్రికి ముందే ఫోను చేసి చెప్పాడు. మాస్టరమ్మ భర్త కుడిచేతిని రెండు చేతుల్లోకి తీసుకుని నొక్కింది. ఆ చెయ్యి తిరిగి నొక్కలేదు. అప్పుడుగానీ పిచ్చుక మాట నమ్మలేదు. సూదే అయితే బాగుండునని మనసారా కోరుకుంది.

ఎమర్జెన్సీలో డాక్టరు, ముప్పై ఏళ్లు కూడా నిండని అమ్మాయి, పరీక్ష చేస్తూనే అడిగింది. "ఆఖరిసారి ఈయన మామూలుగా మాట్లాడింది ఎప్పుడమ్మా?"

"ఇందాకటి దాకా బాగానే మాట్లాడారండీ" అంది మాస్టరమ్మ. "లైనింగు అడిగారు. మూడుసార్లు అడిగారు."

"వదినా" అంది పిచ్చుక మెల్లగా. "లైనింగు అన్న మాట నీ చెవులతో విన్నావా?"

"వినకపోతే..." అని ఆగిపోయింది.

డాక్టరు తలెత్తి చూసింది. "ఇది ముఖ్యం అమ్మా. మెదడులో రక్తం గడ్డకట్టి వచ్చిందైతే ఆ గడ్డ కరిగించడానికి ఇంజెక్షనుంది. మొదలైన కొన్ని గంటల్లోపే ఇవ్వాలి. ఎప్పుడు మొదలైందో తెలియకపోతే ఇవ్వడం కష్టం. తప్పు చెబితే ప్రాణానికే ప్రమాదం. మీరు అనుకున్నది కాదు, విన్నది చెప్పండి."

మాస్టరమ్మ కళ్లు మూసుకుంది. తెర అవతలి చప్పుళ్లు మూడూ మళ్లీ విన్నది. ఒక్కదాంట్లోనూ మాట లేదు. ఆయనకేదో అవుతోందని పిలుస్తుంటే తను లైనింగు గురించి జవాబిస్తూ కూర్చుంది. సిగ్గుతో చచ్చిపోయింది.

"వినలేదండీ" అంది. "నేను విన్నది ఊఁ అని మాత్రమే. లైనింగు అన్నది నేను."

"పర్వాలేదు. దానికి ముందు? స్పష్టంగా విన్నది?"

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. దానికి ముందు పొద్దుటి నుంచీ ఆయన నోట్లో సూదులే. ఉన్నట్టుండి పిచ్చుక మొహం విప్పారింది. "కొలతలు! ఆ పొడుగాయన ప్యాంటు కొలతలు!"

"అవునండీ, సూదులు తీసి చెప్పారు" అంది మాస్టరమ్మ. "ప్రతి అంకె రెండేసిసార్లు. ఇంత పొడుగు మనిషికి తెచ్చిన గుడ్డ చాలదని నవ్వారు కూడా. ఆ పొడుగాయన గుమ్మం దిగుతుంటే ఎదురుగా బళ్లో మధ్యాహ్నం బెల్లు కొట్టారు. పన్నెండున్నరకి కొడతారండీ."

డాక్టరు గోడ గడియారం వంక చూసింది. "టైముంది. స్కానుకి తీసుకెళ్లండి" అని అరిచింది.

స్కానులో రక్తస్రావం లేదు. గడ్డే. డాక్టరు పరుగులాంటి నడకతో వచ్చి, చెప్పాల్సింది గబగబా చెప్పింది. ఇంజెక్షనిస్తే చెయ్యి, మాట తిరిగి వచ్చే అవకాశం బాగా పెరుగుతుంది. కొద్దిమందికి మాత్రం తలలో రక్తస్రావమై ప్రాణం మీదికి రావచ్చు. ఆలోచించుకోవడానికి ఎక్కువసేపు లేదు.

మంచం మీంచి మాస్టరు అన్నాడు. "వద్దు."

మధ్యాహ్నం నుంచీ ఆయన నోటి నుంచి వచ్చిన మొదటి అసలు మాట అది. అందరూ ఎక్కడివాళ్లక్కడ ఆగిపోయారు.

"వద్దు" అన్నాడు మళ్లీ, తల ఊపుతూ. ఆ ఊపడం అవునో కాదో ఎవరికీ తెలియలేదు.

డాక్టరు మాస్టరమ్మ వైపు తిరిగింది. "ఆయన్ని మీకంటే తెలిసినవాళ్లు లేరు. ఏమంటున్నారు?"

మాస్టరమ్మ ఆయన కళ్లలోకి చూసింది. ఏమీ వినిపించలేదు. ఆ మాట నిజంగా ఆయనదే అయితే, కాదని ఇప్పిస్తే, రేపు ఆయనకేమైనా అయితే? ఇప్పించకపోతే, ఈ చెయ్యి ఇంతేనా? "ఇమ్మంటున్నారు" అనడం ఆమెకి చిటికెలో పని. ముప్పై ఏళ్లుగా చేస్తున్న పనే. నాలుక చివరి దాకా వచ్చింది. ఆపుకుంది.

"నాకు తెలియడం లేదండీ" అంది. "ఆయన్నే అడగండి."

డాక్టరు వంగి అడిగింది. "ఈవిడ మీ భార్యేనా?"

"వద్దు" అన్నాడు మాస్టరు.

పిచ్చుక ఏడుపు మధ్యలోనే కిసుక్కున నవ్వింది.

"మీరు టైలరా?"

"వద్దు."

"ఇక్కడి నుంచి వెళ్లిపోదామా?"

"వద్దు... వద్దు..." తన నోటి నుంచి వస్తున్నది తనకే నచ్చనట్టు మొహం చిట్లించాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఆయన అనాలనుకునేది వేరు, బయటికొస్తున్నది వేరు" అంది డాక్టరు. "ఈ మాటని లెక్కలోకి తీసుకోలేం. ఆయన తరఫున మీరే చెప్పాలి."

"ఇన్నాళ్లూ ఆయన అన్నారు, ఆయన అన్నారు అని చెప్పేదాన్ని" అంది మాస్టరమ్మ. "ఇది నేనంటున్నాను. ఇచ్చేయండి."

ఇచ్చారు. మర్నాటికి వేళ్లు కదిలాయి. వారానికి చెయ్యి మూతి దాకా లేచింది. ప్రాణగండం తప్పింది. కాలు దాదాపు మామూలైంది. వేళ్లలో పట్టు మాత్రం పూర్తిగా రాలేదు. మాటైతే మొండికేసింది. ఆసుపత్రిలో మాట నేర్పించే ఆవిడ ఉండేది. ఆమె మాస్టరుకి చెప్పిన దానికంటే మాస్టరమ్మకి చెప్పిందే ఎక్కువ.

"ఆయన ఆగినప్పుడు మీరు అందించకండి. ఎంతసేపైనా సరే, ఆయన్నే వెతుక్కోనివ్వండి. మీరు చెప్పేస్తే ఆయనకిక వెతికే అవసరమే ఉండదు."

వినడానికి ఎంత తేలిక! ఇంటికొచ్చాక మాస్టరమ్మకి తలప్రాణం తోకకొచ్చింది. ఆయన "మంచి..." అని ఆగితే మంచినీళ్లని ప్రపంచంలో ఎవరికి తెలియదు? గ్లాసు చేతిలో పట్టుకుని, నాలుక పళ్ల మధ్య నొక్కిపెట్టి, గోడ వంక చూస్తూ నిలబడేది. "మంచి... మంచి... రోజు" అన్నాడొకసారి. కిటికీలోంచి వెలుతురు చూస్తున్నాడట. నీళ్లు అక్కర్లేదట. ఆ రోజు ఆమె వంటింట్లోకెళ్లి చాలాసేపు ఏడ్చింది. ఇన్నేళ్లలో ఎన్ని మంచిరోజుల్ని మంచినీళ్లు చేసిందో అని. పిచ్చుక వచ్చి వీపు రాసింది.

షాపు తెరిచారు. అంచులు సరిచేయడం, జిప్పులు మార్చడం, గుండీలు, అంతవరకే. ఒకరోజు కొత్త ఉద్యోగంలో చేరబోతున్నతను సూటు గుడ్డ పట్టుకొచ్చాడు. వారంలో కావాలన్నాడు.

మాస్టరు గుడ్డని ఎడమచేత్తో తడిమి చూశాడు. "బాగుంది" అన్నాడు. తర్వాత మాట కోసం ఆగాడు. వచ్చినతను అందరిలాగే మాస్టరమ్మ వంక చూశాడు. ఆమె తల వంచుకుని సూదిలోకి దారం ఎక్కిస్తూ ఉండిపోయింది.

"నేను... కత్తిరించను" అన్నాడు మాస్టరు. కుడిచెయ్యి ఎత్తి చూపించాడు.

మాస్టరమ్మ చప్పున తలెత్తింది. అంటే ఇక షాపు ఇంతేనా? ఈ సంగతి ఇంట్లో ఒక్కసారైనా అనలేదే! చెయ్యి బాగవుతుంది, నెల్లాళ్లాగి రండి, అని చెప్పాలని ప్రాణం కొట్టుకుంది. నోరు మెదపలేదు. అతను గుడ్డ మడతపెట్టుకోబోయాడు.

"ఆగండి" అన్నాడు మాస్టరు. మొహం ఎర్రబడింది. పెదవులు ఏదో మాట ఆకారంలోకి రెండుసార్లు వెళ్లి వెనక్కొచ్చాయి. ఈసారి అతను ఎవరి వంకా చూడలేదు. ఆయన్నే చూస్తూ నిలబడ్డాడు.

"ఈమె... కత్తిరిస్తుంది."

"ఎవరు, నేనా?" అంది మాస్టరమ్మ.

ఆయన తరఫున ఊళ్లో అందరికీ మాటిచ్చిన మనిషి తను. ఇప్పుడు ఒక్క ముక్క అడగకుండా, తన తరఫున ఆయన మాటిచ్చేశాడు. ఒళ్లు మండింది. అదే ఊపులో ఏడుపూ వచ్చింది. పిచ్చుక వంక చూస్తే, అది కాజాలు తీస్తున్న చొక్కాలో మొహం దూర్చి భుజాలు ఎగరేస్తూ నవ్వుతోంది.

"నాకు రాదండీ, కోటంటే మాటలా..." అని అందుకోబోయింది. మాస్టరు చెయ్యెత్తి ఆపాడు. ఆయన మాట ఇంకా పూర్తి కాలేదు.

వీధిలో ఎవరో సైకిలు బెల్లు కొట్టుకుంటూ వెళ్లారు. ముగ్గురూ ఎదురుచూశారు.

"బాగా" అన్నాడు మాస్టరు.

మాస్టరమ్మ లేచి, కళ్లు తుడుచుకుని, అతని భుజాల మీద టేపు పరిచింది.